పాత స్ప్రేయర్ కొనేవాళ్లు ముందు నీళ్ల దారి చూడాలి

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా రాజాం దగ్గర పల్లె. సొంతం ఆరెకరాలు, కౌలుకు మరో తొమ్మిది ఎకరాలు చేస్తున్నాం. వరి, మొక్కజొన్న, కొంచెం పత్తి. మందు కొట్టడానికి మనుషులు దొరకడం లేదు. గుంటూరు వైపు ఒకాయన దగ్గర పాత సెల్ఫ్ ప్రొపెల్డ్ బూమ్ స్ప్రేయర్ అమ్మకానికి ఉంది. 600 లీటర్ల ట్యాంకు, 12 మీటర్ల బూమ్ (నాజిళ్లు బిగించిన పొడవాటి అడ్డ కమ్మీ), నాలుగు చక్రాలకూ నూనె ఒత్తిడితో తిరిగే హైడ్రాలిక్ మోటార్లు. అవర్ మీటర్ 1,850 గంటలు చూపిస్తోంది. కొత్తదాని ధరలో సగం కంటే తక్కువకే ఇస్తానంటున్నాడు. ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతోంది, పొగ లేదు, వీడియో కూడా పంపాడు. మా పొలానికి వాడుకుని, మిగతా రోజుల్లో అద్దెకు తిప్పుదామని నా ఆలోచన. నాన్న వద్దంటున్నారు. ఏం చూసి కొనాలి? కొన్నాక ఎలా కాపాడుకోవాలి? నాలుగు ఫొటోలు పంపుతున్నాను.

సమాధానం:

తమ్ముడూ, మీ ఉత్తరంలో ఇంజిను గురించి రాశారు, స్టార్టింగ్ గురించి రాశారు, పొగ గురించి రాశారు. పంపు గురించి గానీ, మందు జల్లుగా బయటకొచ్చే నాజిళ్ల గురించి గానీ ఒక్క ముక్క లేదు. ఇందులో మీ తప్పు లేదు. మనందరికీ ట్రాక్టరు కొన్న అలవాటే ఉంది. పాత ట్రాక్టరు దగ్గరకు వెళ్తే ఇంజిను వింటాం, గేర్లు వేసి చూస్తాం, టైర్లు చూస్తాం. స్ప్రేయర్ అలా కాదు. దాని ఇంజిను మీద పడే బరువు తక్కువ. ట్యాంకు నుంచి నాజిల్ దాకా మందు నీళ్లు నడిచే దారి ఉంది చూశారూ, అరిగేదీ, తుప్పు పట్టేదీ, మూసుకుపోయేదీ అంతా అక్కడే.

ఒక లెక్క వేసి చూడండి. 1,850 గంటల్లో సగం రోడ్డు మీదా, మలుపుల్లోనే పోయిందనుకుందాం. మిగిలిన 900 గంటల్లో గంటకు ఆరెకరాలు కొట్టినా 5,400 ఎకరాలు. ఎకరానికి 100 లీటర్ల చొప్పున 5,40,000 లీటర్ల మందు నీళ్లు ఆ పంపులోంచి పోయాయి. 12 మీటర్ల బూమ్‌కు అర మీటరుకొకటి చొప్పున 24 నాజిళ్లు. అంటే ఒక్కో నాజిల్ చిన్న రంధ్రంలోంచి 22,500 లీటర్లు, అందులో పొడి మందుల గరుకు, చెరువు నీళ్ల ఇసుక కలిసి పోయాయి. అవర్ మీటర్ నిజమే చెబుతోందనుకుంటే ఇదీ సంగతి. మీటర్ మార్చడం పెద్ద పని కాదు కాబట్టి, బ్రేక్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ మీద చేయి పట్టే చోటు, సీటు అంచు ఎంత అరిగాయో చూసి మీటర్‌తో పోల్చుకోండి.

యంత్రం దగ్గరకు వెళ్లే ముందు ఒక నోటు పుస్తకం తీసుకుని చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లు తిరగండి. "మిషన్ తెస్తే కొట్టించుకుంటారా" అని అడిగితే అందరూ సరే అంటారు, ఆ మాట లెక్కలోకి రాదు. మిషన్ దిగడానికి దారి ఉన్న ఎకరాలు ఎన్నో రాసుకోండి. మన పొలాలు మీకు తెలియనివి కావు. పావు ఎకరం మడులు, మధ్యలో ఎత్తు గట్లు, గట్ల మీద వరసగా తాటిచెట్లు, మోటారు షెడ్లు, చేతికందే ఎత్తులో కరెంటు తీగలు. పల్లం వరిలో ఉభాలు, అంటే నాట్లు, అయ్యాక ఈ మిషన్ దింపాలని అనుకోవద్దు. ట్యాంకులో నీళ్ల బరువే 600 కిలోలు, బురదలో కూరుకుపోతే లాగడానికి ట్రాక్టరు, దానికి మళ్లీ దారి. ఇలాంటి మిషన్‌కు మన దగ్గర అసలైన పని మొక్కజొన్నలో ఉంది. చీపురుపల్లి, గరివిడి, మెరకముడిదాం నుంచి అటు లావేరు, రణస్థలం దాకా మొక్కజొన్న వేస్తున్నారు. విత్తిన వెంటనే కొట్టే కలుపు మందు, ఆ తర్వాత కత్తెర పురుగుకు మొదటి నెల రోజుల్లో కొట్టే మందులు, ఈ రెండూ చేను మిషన్ కింద నుంచి పోయే ఎత్తులో ఉండగానే అయిపోతాయి. చేను గుండెల దాకా ఎదిగాక మిషన్ పని అయిపోయినట్టే. పత్తిలో ఇంకొన్ని రోజులు దొరుకుతాయి. వరి కోసిన మడుల్లో మినుము, పెసర ఉంటే నేల ఆరాక దింపవచ్చు. అక్కడ రెండు చక్రాల జాడ కలిపి అర మీటరు అనుకుంటే, 12 మీటర్లలో నూటికి నాలుగు వంతుల చేను నలుగుతుంది. ఆ సంగతి రైతుకు ముందే చెప్పాలి. తర్వాత చెబితే గొడవ అవుతుంది.

ఇక్కడే ఒక కొలత గుర్తుపెట్టుకోండి. మొక్కజొన్న సాళ్ల మధ్య 60 సెంటీమీటర్లు వేస్తాం, పత్తి 90 వేస్తాం. చక్రం మధ్య నుంచి ఎదుటి చక్రం మధ్యకు 180 సెంటీమీటర్లు ఉంటే రెండు పంటల్లోనూ చక్రాలు సాళ్ల మధ్యలోనే పడతాయి. 60ని మూడుసార్లు వేసినా, 90ని రెండుసార్లు వేసినా 180 వస్తుంది. ఆ మిషన్ చక్రాల వెడల్పు అక్కడికి సర్దుబాటు అవుతుందో లేదో టేపు పట్టి మీరే కొలవండి. కాకపోతే, ఎంత మంచి మిషన్ అయినా మీ పంటలకు పనికిరాదు. బేరం అక్కడితో ఆపేయండి.

ఇప్పుడు చూసే పద్ధతి. మీరు వచ్చేసరికి ఇంజిను వేడి చేసి ఉంచవద్దని ముందే ఫోన్‌లో చెప్పండి. పొద్దున్నే వెళ్లండి. వెంట తీసుకెళ్లాల్సినవి: బ్యాటరీ లైటు, గీతలున్న రెండు లీటర్ల మగ్గు, కొత్త ప్రెషర్ గేజ్ ఒకటి, పాత అట్టముక్క, టేపు. ట్యాంకు నిండా మంచినీళ్లు పట్టించమనండి. దానికి అమ్మేవాడు బద్ధకించినా, "నీళ్లు లేవు, తర్వాత చూద్దాం" అన్నా, అది మంచి సూచన కాదు.

నీళ్లు పట్టే ముందే ట్యాంకు మూత తీసి లైటు వేసి లోపల చూడండి. అడుగున గట్టిపడిన తెల్లటి గుండ ఉందా? నీళ్లు బయటకు పోయే గొట్టం చుట్టూ, ట్యాంకును బిగించిన పట్టీల కింద సన్నటి పగుళ్లు ఉన్నాయా? ఎండలో ఏళ్ల తరబడి నిలబడిన ప్లాస్టిక్ ట్యాంకు గోటితో గీస్తే సుద్దలా రాలుతుంది. అలాంటిది ఇక ఎక్కువ కాలం రాదు. తల లోపలికి పెట్టవద్దు, గ్లవ్స్ లేకుండా లోపల చేయి పెట్టవద్దు. అందులో ఏ మందు ఉందో మీకు తెలియదు.

తర్వాత పంపు. ఇలాంటి మిషన్లకు ఎక్కువగా డయాఫ్రమ్ పంపులే, అంటే రబ్బరు పొర ఆడుతూ నీళ్లు తోసే పంపులే ఉంటాయి. పంపుకు విడిగా నూనె ఉంటుంది, దాని రంగు చూడండి. పాలలా తెల్లబడితే లోపల రబ్బరు డయాఫ్రమ్ చిరిగి నీళ్లు నూనెలో కలిశాయని అర్థం. డయాఫ్రమ్ మార్చుకోవచ్చు, అది పెద్ద ఖర్చు కాదు. కానీ ఆ నీళ్లతో ఎన్నాళ్లు నడిపారన్నది ప్రశ్న. ఎక్కువ కాలం నడిపి ఉంటే లోపలి బేరింగులు కూడా పోయి ఉంటాయి. పంపు మీద ఉన్న పేరు, నంబరు ఫొటో తీసుకుని, దాని రిపేరు కిట్ (మార్చే విడిభాగాల సెట్టు) దొరుకుతుందో లేదో డబ్బు కట్టకముందే ఫోన్ చేసి కనుక్కోండి. దొరకని పంపు అయితే మొత్తం పంపు మార్చాల్సి వస్తుందని లెక్కలో వేసుకోండి.

పంపు తిప్పి, పాత గేజ్ తీసి మీ గేజ్ పెట్టండి. పాత మిషన్ గేజ్‌ను నమ్మకండి. ప్రెషర్‌ను 3 బార్ (గేజ్ మీద ఉండే ఒత్తిడి కొలత) దగ్గర నిలబెట్టి ముల్లు చూడండి. గజగజ వణుకుతుంటే పంపు కుదుపులను ఆపే ఎయిర్ ఛాంబర్‌లో గాలి తగ్గి ఉండవచ్చు, లేదా లోపలి వాల్వులు పోయి ఉండవచ్చు, లేదా పీల్చే పైపు ఎక్కడో గాలి లాగుతూ ఉండవచ్చు. మొదటిది పది నిమిషాల పని, రెండోది కిట్ పని, మూడోది వెతికి పట్టుకోవాల్సిన పని.

ఇక నాజిళ్లు. దీనికి ఒక గంట పట్టినా పట్టనివ్వండి, తొందరపడకండి. నాజిళ్ల రంగు వాటి సైజును చెబుతుంది. పసుపు 02, నీలం 03, ఎరుపు 04. నీలం నాజిల్ కొత్తదైతే 3 బార్ దగ్గర నిమిషానికి సుమారు 1.2 లీటర్లు పోయాలి, పసుపుదైతే 0.8, ఎరుపుదైతే 1.6. ఒక్కో నాజిల్ కింద సరిగ్గా నిమిషం మగ్గు పట్టి, 24 అంకెలూ రాసుకోండి. కొత్తదానికంటే నూటికి పది కన్నా ఎక్కువ పోస్తున్నది అరిగిపోయినట్టే. తక్కువ పోస్తున్నది మూసుకుపోయి ఉంటుంది. ఏడెనిమిది అరిగిపోతే ఆ ఏడెనిమిదే మార్చకండి, సెట్టు మొత్తం మార్చాలి. లేకపోతే ఒక సాలులో కలుపు చస్తుంది, పక్క సాలులో బతుకుతుంది, రైతు మందునే తిడతాడు. నాజిల్ సెట్టు ధర మిషన్ ధర పక్కన చాలా చిన్నది. అందుకని నాజిళ్లు అరిగాయన్న కారణంతో మిషన్ వదిలేయనక్కర్లేదు, కానీ ఆ 24 అంకెల కాగితం బేరంలో బాగా పనికొస్తుంది. పంపు ఆపగానే నాజిళ్లు వెంటనే ఆగాలి. చుక్కలు కారుతూ ఉంటే యాంటీ డ్రిప్ వాల్వుల రబ్బర్లు పోయాయి.

బూమ్ విప్పించి చివర పట్టుకుని పైకీ కిందకీ, ముందుకూ వెనక్కూ ఊపండి. కొద్దిగా ఊగడం మామూలే. చివర బెత్తెడు ఆడితే మడతల దగ్గర పిన్నులు, బుష్‌లు అరిగిపోయాయి. మన గట్ల మీద అది ఇంకా ఊగుతుంది. నాజిల్ చేను కంటే అర మీటరు ఎత్తులో ఉంటేనే పక్క నాజిళ్ల జల్లు సరిగ్గా కలుస్తుంది. బూమ్ ఊగితే ఒకచోట రెండింతలు పడుతుంది, ఒకచోట అసలు పడదు.

హైడ్రాలిక్ సంగతి కూడా తేలిగ్గా తీసుకోవద్దు, అందులో ఖర్చు వస్తే పెద్దదే వస్తుంది. ట్యాంకు నిండుగా ఉండగా, నూనె బాగా వేడెక్కేదాకా ఒక గంట నడపండి. చల్లగా ఉన్నప్పుడు లాగిన మోటారు వేడెక్కాక ఎత్తు ఎక్కలేకపోతే లోపల అరిగిపోయిందని అర్థం. ముందుకీ వెనక్కీ, మెట్ట ఎక్కించి చూడండి. చక్రాల లోపలి వైపు, మోటార్ల చుట్టూ నూనె తడి ఉందేమో చూడండి. కారుతున్న పైపును మాత్రం చేత్తో తడమవద్దు. ఆ ప్రెషర్‌లో సన్నటి నూనె ధార చర్మంలోకి దూసుకుపోతుంది, వేలు తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. అట్టముక్క తెమ్మన్నది అందుకే, దాన్ని అడ్డం పెట్టి చూడండి. వీలైతే పాత హైడ్రాలిక్ ఫిల్టర్ విప్పించి కోసి చూడండి. మడతల్లో ఇత్తడి రంగు మెరుపు కనిపిస్తే పంపో మోటారో లోపల రాలిపోతోంది. ఆ మిషన్ తీసుకోవద్దు. మనవైపు చైన్ హార్వెస్టర్లు రిపేరు చేసే మెకానిక్‌లకు ఈ హైడ్రాలిక్ పని తెలుసు. అలాంటి ఒకతన్ని ఖర్చు పెట్టుకుని వెంట తీసుకెళ్లండి.

ఇంజిను మీరు ఎలాగూ చూస్తారు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయడం, నూనె మూత తీస్తే ఎంత ఆవిరి కొడుతోందో చూడటం, రేడియేటర్ నీళ్లలో నూనె తేలుతోందా చూడటం చాలు.

కాగితాల విషయంలో ఒక్కటే. మిషన్ మీద ఫైనాన్స్ ఉంటే, బాకీ లేదని వాళ్లిచ్చే కాగితం (ఎన్‌ఓసీ) చేతికి వచ్చాకే డబ్బు. సబ్సిడీ మీద తీసుకున్న మిషన్ అయితే అమ్మడానికి షరతులేమైనా ఉన్నాయేమో అక్కడి మండల వ్యవసాయ అధికారి దగ్గర కనుక్కోండి.

కొన్న తర్వాత మొదటి వారమే ఇంజిను నూనె, హైడ్రాలిక్ నూనె, పంపు నూనె, ఫిల్టర్లన్నీ, నాజిళ్లు, మందు పైపులు మార్చేయండి. "మొన్ననే మార్చాను" అన్న మాట మీద ఒక సీజన్ నడపవద్దు. దీనికోసం కొనే ధరలో నాలుగో వంతు డబ్బు పక్కన పెట్టుకోండి. అంత మిగలకపోతే ఆ మిషన్ మీ స్తోమతకు మించినదే అనుకోవాలి.

ఇక కాపాడుకోవడం గురించి. గ్రీజు, నూనె, గాలి గురించి మీకు చెప్పక్కర్లేదు. నేను చెప్పాల్సింది కడగడం గురించి. ఈ మాట నేను నష్టపోయి నేర్చుకున్నది.

నేను మిషన్ తిప్పిన రోజుల్లో ఒక ఆగస్టులో గట్టి నేల వరిలో వెడల్పాకు కలుపుకు 2,4-డి కొట్టాను. ట్యాంకు రెండుసార్లు నీళ్లతో కడిగాను, శుభ్రమైందనుకున్నాను. వారం తర్వాత ఒక రైతు పత్తిలో పురుగు మందుకు పిలిస్తే వెళ్లాను. నాలుగెకరాలు కొట్టాను. వారం తిరక్కుండానే ఆయన ఫోన్ చేశాడు. వెళ్లి చూస్తే కొత్త ఆకులన్నీ సన్నబడి, ఈనెలు దగ్గరకు ముడుచుకుని కప్ప కాళ్లలా అయిపోయాయి. పత్తికి 2,4-డి సోకితే అలాగే అవుతుంది, బొట్టులో బొట్టు చాలు. ట్యాంకులో ఏమీ లేదు. మందు మిగిలింది బూమ్ పైపుల చివర్లలో, ఫిల్టర్ గిన్నెలో. ఆ చివరి మూతలు విప్పాలన్న సంగతి అప్పటికి నాకు తెలియదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది. నష్టం కట్టాను గానీ, ఆ ఏడాది ఆయన చేను మళ్లీ కోలుకోలేదు.

కడిగే పద్ధతి ఇదీ. ఒకేసారి ట్యాంకు నిండా నీళ్లు పోయడం కంటే, కొంచెం కొంచెంగా మూడుసార్లు కడగడం మేలు. పైపుల్లో, అడుగున 5 లీటర్ల మందు నీళ్లు మిగిలాయనుకోండి. 150 లీటర్లు ఒకేసారి పోసి వదిలేస్తే మందు ముప్పై ఒకటో వంతుకు తగ్గుతుంది. అదే 150 లీటర్లను 50 చొప్పున మూడుసార్లు పోసి, ప్రతిసారీ పూర్తిగా కొట్టేస్తే 1,331వ వంతుకు తగ్గుతుంది. నీళ్లు అవే, మందు మాత్రం నలభై రెట్లు తక్కువ మిగులుతుంది. ప్రతిసారీ నీళ్లు పంపులోంచి, రిటర్న్ పైపులోంచి, బూమ్ అన్ని భాగాల్లోంచి తిరగాలి. ఆఖరిసారి బూమ్ చివరి మూతలు విప్పి వదలాలి. ఫిల్టర్లు, నాజిళ్లు తీసి బకెట్‌లో పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి. నాజిల్‌లో పిన్నీసు, తీగ పెట్టకూడదు, రంధ్రం చెడిపోతుంది. నోటితో ఊదకూడదు, ఆ సంగతి మీ డ్రైవరుకు గట్టిగా చెప్పండి.

2,4-డి కొట్టాక నీళ్లు చాలవు. నీళ్లతో కడిగాక, 100 లీటర్లకు లీటరు అమ్మోనియా ద్రావణం కలిపి పైపుల నిండా పోయేలా తిప్పి రాత్రంతా ఉంచి, పొద్దున మళ్లీ మంచినీళ్లతో కడగాలి. అమ్మోనియాతో బ్లీచింగ్ ఎప్పుడూ కలపవద్దు, ప్రమాదకరమైన గాలి వస్తుంది. అయినా నా సలహా అడిగితే, పత్తికీ మినుముకూ వెళ్లే మిషన్‌లో 2,4-డి పోయనే వద్దు. ఆ పని వదులుకున్నా పరవాలేదు.

కడిగిన నీళ్లు ఎక్కడ వదులుతారన్నది కూడా అంతే ముఖ్యం. కొట్టిన చేనులోనే, కొట్టని మూల మీద కొట్టేయండి. చెరువు గట్టు మీద మిషన్ పెట్టి కడిగే అలవాటు మనవైపు ఉంది. పురుగులకు కొట్టే లామ్డా సైహలోత్రిన్ లాంటి మందులు చేపలకు, రొయ్యలకు విషం. పూసపాటిరేగ, రణస్థలం, ఎచ్చెర్ల వైపు అద్దెకు వెళ్తే పక్కనే రొయ్యల చెరువులు ఉంటాయి. అక్కడ గాలి ఎటు వీస్తోందో చూడకుండా బూమ్ విప్పవద్దు. నీళ్లు నింపేటప్పుడు కూడా మందు కలిపిన ట్యాంకులోకి చెరువు పైపు ముంచి పెట్టకూడదు. మోటారు ఆగితే మందు చెరువులోకి వెనక్కి లాగుతుంది.

చెరువు నీళ్లు బురదగా ఉంటే గ్లైఫోసేట్ లాంటి కలుపు మందులు మట్టికి అంటుకుని పని చేయవు. అందుకని బోరు నీళ్లు, లేదా తేరిన నీళ్లు, వల కట్టిన పైపుతో పట్టండి. పంపూ నాజిళ్లూ కూడా ఎక్కువ కాలం వస్తాయి.

సీజన్ అయ్యాక మిషన్‌ను నీడలో పెట్టండి. నీళ్లన్నీ వదిలేయండి, బ్యాటరీ తీగ విప్పండి, బూమ్ మడతల్లో గ్రీజు నింపండి. ఎలుకలు సీటు కింద వైర్లు కొరికేస్తాయి, గడ్డి కుప్ప పక్కన మాత్రం పెట్టవద్దు. ఎవరైనా సముద్రం పక్క ఊళ్ల వాళ్లు ఇది చదువుతుంటే, ఉప్పు గాలి బూమ్ వెల్డింగులను తొందరగా తింటుంది కాబట్టి ప్రతి వేసవిలో గీకి రంగు వేయాలి.

మీ నాన్నగారు ఎందుకు వద్దంటున్నారో మీరు రాయలేదు. ఒకసారి కూర్చుని అడగండి. అప్పు గురించి భయపడుతున్నారా, ఆ మందుల మధ్య రోజూ మీరుంటారని భయపడుతున్నారా? మొదటిదైతే నోటు పుస్తకంలోని ఎకరాలు చూపించండి. రెండోదైతే ఆయన భయం సరైనదే. క్యాబిన్ ఉందా, తలుపు రబ్బర్లు ఉన్నాయా, క్యాబిన్‌లో బొగ్గు ఫిల్టర్ ఉందా చూడండి. లేకపోతే మాస్కు, గ్లవ్స్, నిండు చేతుల చొక్కా లేనిదే సీటు ఎక్కనని ఆయనకు మాట ఇవ్వండి. చూడటానికి వెళ్లేటప్పుడు ఆయన్నీ తీసుకెళ్లండి, పొలం మనిషి కంటికి కనిపించేవి కొన్ని మెకానిక్ కంటికి కనిపించవు.

మీరు పంపిన మూడో ఫొటోలో బూమ్ కుడివైపు రెండో మడత దగ్గర రంగు మిగతా బూమ్ కంటే కొత్తగా ఉంది. వెల్డింగ్ మీద పూసినట్టు కనిపిస్తోంది. అక్కడికి వెళ్లగానే ముందు ఆ రంగు గోటితో గీకి, కింద పగులు గీత ఏమైనా ఉందేమో చూసి నాకు రాయండి.